నాలుగు గుంటల్లో నూనె

హరిలావోస్ మేస్త్రీ కారు ఇంజన్లోంచి నాలుగో ప్లగ్గు కూడా ఊడదీసి మిగతా మూడింటి పక్కన గుడ్డ మీద పడుకోబెట్టాడు. పడుకోబెట్టి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చెడ్డ కబురు చెప్పాల్సిన డాక్టర్లు కూడా సరిగ్గా అలాగే నిలబడతారని పోలిక్సేనికి తెలుసు. మామగారి విషయంలో చూసింది.

"చెప్పండి మేస్త్రీ. నేను తట్టుకోగలను," అంది.

"మీరు తట్టుకుంటారు పాపదియా. నా బెంగంతా కారు తట్టుకోదని."

పోలిక్సేని అగ్రీలి ఊరి చర్చి గురువు అర్గిరిస్ గారి భార్య. ఆ కొండల్లో గురువుని పాపా అంటారు, ఆయన్ని కట్టుకున్న పాపానికి ఆమెని పాపదియా అంటారు. పాపా-అర్గిరిస్‌కి డ్రైవింగు రాదు. పరీక్షకి పోయినప్పుడల్లా స్టీరింగు కన్నా ముందు పక్క సీట్లో ఉన్న ఆఫీసరు ఆత్మ గురించి ఆలోచించేవాడు. ఆఖరిసారి ఆ ఆఫీసరే కారు ఆపించి, దిగి, సిలువ వేసుకుని, బస్సెక్కి వెళ్ళిపోయాడు. అప్పట్నించీ ఆయన్ని పూజలకీ, పెళ్ళిళ్ళకీ, చావులకీ తిప్పే బాధ్యత పాపదియాది. వాళ్ళ పాత తెల్లకారుకి ఊళ్ళో ఆవిడకున్నంత గౌరవమూ ఉంది, ఆవిడకున్నంత వయసూ ఉందని ఆవిడే అంటుంది.

మేస్త్రీ ఒక ప్లగ్గు తీసి ఆమె కళ్ళ ముందు పెట్టాడు.

"కింద మొన చూడండి. నిప్పురవ్వ పుట్టే చోటు. ఎలా ఉంది?"

"పొడిగా ఉంది. బిస్కెట్టు రంగు."

"అది శుభం. ఆ మొన నల్లగా జిడ్డు పట్టి ఉంటే నూనె లోపల్నించి వస్తోందన్నమాట. రింగులు అరిగాయనో, వాల్వు సీళ్ళు పోయాయనో చెప్పొచ్చు. వెనకాల నీలం పొగ కూడా వస్తుంది. మీకు పొగ లేదు. లోపలంతా పెళ్ళికూతురే. ఇప్పుడు పైభాగం చూడండి."

పైభాగంలో తెల్లటి పింగాణీ ఉండాల్సిన చోట దుమ్మూ నూనే కలిసిన తడి మెరుస్తోంది.

"ఒక్కో ప్లగ్గూ ఒక్కో గుంటలో దిగి కూర్చుంటుంది కదా, బావిలో బిందెలాగా. పైనుంచి నూనె ఆ గుంటలోకి చేరుతోంది. చేరితే, పాపం కరెంటు మొనదాకా పోయి రవ్వ అవకుండా, సగం దారిలోనే పక్కకి జారుకుంటుంది. అందుకే మీ కారు ఎత్తు ఎక్కేటప్పుడు దగ్గుతోంది."

"పైనుంచి అంటే ఇంజను మీద మూత ఉంటుందే, ఆ ట్యాపెట్ కవరు ప్యాకింగేగా. ఈస్టరుకి ముందు మీరే మార్చారు."

"అదే కదా నా బాధ," అన్నాడు మేస్త్రీ. "పాత ప్యాకింగు చేత్తో పట్టుకుంటే అప్పడంలా విరిగింది. కొత్తది వేశాను. కారు గుర్రంలా పోయింది. మళ్ళీ తడి. తుడిచాను. మళ్ళీ తడి. కవరు విప్పి మళ్ళీ బిగించాను, నా చేతి మీద నాకే నమ్మకం లేక. ఇవాళ చూస్తే ముందుకన్నా ఎక్కువ ఉంది."

"మరి?"

"ఇంజను హెడ్డు దింపి చూడాలి. ఎక్కడో పగులు ఉండి ఉంటుంది."

"ఉంటే బాగవుతుందా?"

మేస్త్రీ నోటితో చెప్పలేదు. గడ్డం పైకెత్తి, కనుబొమలు ఎగరేసి, నాలుకతో 'త్చ్' అన్నాడు. ఆ దేశంలో కాదనే ఆ చప్పుడుకి పైకోర్టు లేదు.

గుంటల్లోని నూనెని సిరంజితో పీల్చి చిన్న గాజుసీసాలో పోస్తుంటే, ఆ సీసా తనకిమ్మంది పోలిక్సేని. పాపాకి చూపించాలట. కంటితో చూడందే దేవుణ్ణి తప్ప దేన్నీ నమ్మడట. మేస్త్రీ మూత బిగించి ఇచ్చాడు. ప్లగ్గులు తుడిచి బిగించి, "మెట్టదారి ఎక్కించకండి. అగ్రీలిలో తిరగండి చాలు," అని హెచ్చరించాడు.

మెట్టదారి అంటే పెట్రోవ్రిసి దారి. పెట్రోవ్రిసి కొండ పైన ఉన్న ఊరు. అక్కడికి మేకలు కూడా ఒకసారి ఆలోచించుకుని ఎక్కుతాయి. రెండు వారాలకోసారి ఆదివారం పొద్దున్నే పాపా-అర్గిరిస్ అక్కడ పూజ చేస్తాడు. ఊళ్ళో మిగిలినవాళ్ళలో అందరికన్నా చిన్నవాడు పెన్షను తీసుకోబట్టి చాలాకాలమైంది.

పోలిక్సేనికి ఆ ఊరంటే ఎందుకు ప్రాణమో పాపాకి తెలుసు, పెట్రోవ్రిసికి తెలుసు, అగ్రీలిలో మాత్రం ఎవరికీ తెలీదు. అగ్రీలి చర్చిలో పాటలు పాడే హక్కు ఒక రిటైరైన పోలీసాయనది. ఆయన ముక్కుతో పాడతాడు. నిందితుణ్ణి ప్రశ్నిస్తున్నట్టు పాడతాడు. పాపదియా ఆ ఆదివారాలు ఆడవాళ్ళ వైపు నిలబడి, పెదవులు బిగబట్టి, మనసులో శ్రుతి సవరించుకుంటూ గడుపుతుంది. పెట్రోవ్రిసిలో పాడేవాడు పోయి ఏళ్ళయింది. అక్కడ పాటల బల్ల దగ్గర నిలబడేది ఆమే. ఆ చిన్న రాతి గుడిలో ఆమె గొంతు ఎత్తితే పైకప్పు కాస్త పైకి జరుగుతుందని అక్కడి ముసలమ్మలు ఒట్టేసి చెబుతారు. నిజమో కాదో గానీ, రెండు వారాలకోసారి అలా జరగకపోతే తను కాస్త కిందికి జరిగిపోతానని ఆమెకి తెలుసు.

ఇంటికొచ్చి సీసా బల్ల మీద పెట్టి, మేస్త్రీ 'త్చ్'ని ఉన్నదున్నట్టు చేసి చూపించింది.

పాపా-అర్గిరిస్ గడ్డం నిమురుకున్నాడు. ఆయన గడ్డం పెద్దది. నిమరడం అయ్యేసరికి నిర్ణయం కూడా అయిపోతుంది.

"బిషప్పు గారి ఆఫీసులో ముందే అన్నారు," అన్నాడు. "కారు సంగతి చూసుకో, లేకపోతే పెట్రోవ్రిసికి ఏడాదికోసారి పండగకి మఠం నుంచి ఎవరినైనా పంపిస్తామని. నేనే లాక్కొస్తున్నాను. ఈ ఆదివారం ఎలాగో ఎక్కుదాం. పూజయ్యాక వాళ్ళకి చెప్పేస్తాను, ఇదే ఆఖరని."

"ఈ ఆదివారమే?"

"దగ్గే కారులో నిన్ను ఆ మలుపుల మీద తిప్పి, రేపు ఏదైనా అయితే నేను ఎవరికి జవాబు చెప్పాలి?"

"నాకు చెప్పక్కర్లేదులెండి. నేను అప్పటికి లోయలో ఉంటాను."

ఆయన నవ్వలేదు. నవ్వలేదంటే నిజంగానే నిర్ణయం అయిపోయిందని అర్థం. పోలిక్సేని గిన్నెలు కడగడానికి వెళ్ళింది. ఆ రోజు గిన్నెలు మామూలు కన్నా గట్టిగా మాట్లాడాయి.

సీసా వంటింటి కిటికీ గట్టు మీద ఉండిపోయింది. మర్నాటికి మడ్డి అడుక్కి దిగింది. పొద్దుటి ఎండ కిటికీలోంచి వచ్చి సీసాని దాటి గోడ మీద పడింది. గోడ మీద పడ్డ వెలుగు పచ్చగా ఉంది. లేత ఆకు పచ్చ. కాఫీ కలుపుతున్న పోలిక్సేని చెంచా పట్టుకునే ఆగిపోయింది.

కారుకి నూనె తగ్గితే పోసేది తనే. కొత్తది తేనెరంగు. పాతబడితే కాఫీమడ్డి. పచ్చది ఆవిడ ఎన్నడూ పోయలేదు. మూత తీసి వాసన చూసింది. పెట్రోలు కంపు, రబ్బరు కంపు, దుమ్ము. వాటన్నిటి కింద, బాగా కింద, ఇంకో వాసన ఉంది. ఎక్కడో తెలిసినదే. సలాడు గిన్నెలో, దీపం ప్రమిదలో, బాప్టిజం రోజు పసిపిల్లల ఒంటి మీద ఉండే వాసన.

వాళ్ళ భాషలో ఇంజన్లో పోసేదీ నూనే, కూరలో పోసేదీ నూనే. మాట ఒకటే. ప్లగ్గుల మీద నూనె ఉందా అని అడిగితే మేస్త్రీ ఉందన్నాడు. ఉంది కూడా. ఏ నూనె అని అడగాలని ఆయనకీ తట్టలేదు, ఆవిడకీ తట్టలేదు. ఇంజన్లో సలాడు ఉంటుందని ఎవరనుకుంటారు?

వాసనని నమ్ముకుని మొగుడితో వాదించలేం. కాలేజీలో చదివిన రసాయనశాస్త్రం పెళ్ళయ్యాక సబ్బు కాయడానికి తప్ప పనికిరాలేదు గానీ, ఒక సంగతి మాత్రం వంటింట్లో రోజూ కనబడుతూనే ఉంటుంది. ఆలివ్ నూనెని ఫ్రిజ్‌లో పెడితే మబ్బు పట్టి, పూసలు కట్టి, నెయ్యిలా గడ్డకడుతుంది. ఇంజను నూనె గడ్డకట్టదు. గడ్డకడితే చలికాలం కొండల్లో ఒక్క బండీ కదలదు. కనక సీసాలో పైన తేరుకున్నది ఒక గ్లాసులో పోసింది. షెడ్డులో ఉన్న డబ్బాలోంచి ఇంజను నూనె ఇంకో గ్లాసులో పోసింది. రెండూ తీసుకెళ్ళి పెరుగు పక్కన పెట్టి ఫ్రిజ్ తలుపు వేసింది.

మరునాడు బుధవారం. బుధవారం, శుక్రవారం ఉపవాసం; ఆ ఇంట్లో నూనె చుక్క కూడా ముట్టరు. పాపా-అర్గిరిస్ మధ్యాహ్నం మంచినీళ్ళ కోసం ఫ్రిజ్ తెరిచి, తెరిచినవాడు తెరిచినట్టే నిలబడ్డాడు.

"పోలిక్సేని."

"ఊఁ."

"ఇవాళ వారమేమిటి?"

"బుధవారం."

"మరి ఈ నూనె గ్లాసులేమిటి? అదీ రెండు."

"తినడానికి కాదండీ. కారుకి."

"కారుకి ఉపవాసం లేదనుకో," అన్నాడాయన, వాదన ఎక్కడికి పోతోందో తెలీక. "కానీ ఫ్రిజ్‌లో ఎందుకు?"

ఆమె వచ్చి రెండు గ్లాసులూ తీసింది. ఒకటి వంచింది. నూనె బద్ధకంగా జారింది. రెండోది వంచింది. జారలేదు. తలకిందులు చేసి ఆయన గడ్డం కింద పట్టుకుంది. అయినా జారలేదు.

"ఇది షెడ్డులో డబ్బాది. ఇది మన ప్లగ్గుల గుంటల్లోది," అంది. "చూశారా, మన ఇంజను ఆలివ్ తోట పెట్టింది."

పాపా-అర్గిరిస్ వేలి కొసతో ఆ గడ్డని తాకాడు. తాకిన వేలిని నాలుక మీద పెట్టుకోబోయి, బుధవారమని గుర్తొచ్చి ఆగాడు.

"ఇప్పుడు నిజం చెప్పండి," అంది ఆవిడ. "మీ పవిత్రతైలం సీసా కారులోనే పెట్టుకుంటారుగా. ఎప్పుడైనా బానెట్టు కింద పెట్టి మర్చిపోయారా?"

"ఆ మూత ఎలా ఎత్తుతారో కూడా నాకు తెలీదు."

"అదీ నిజమే. మీ మీద అనుమానపడాలంటే ముందు మీకు నేర్పించాలి."

ఆయన్ని వదిలేసి మేస్త్రీకి ఫోను చేసింది. సంగతంతా చెప్పింది. అవతల ఖళ్ళుఖళ్ళుమని దగ్గు వినపడింది. దగ్గు కాదు, సిగరెట్లు తాగే మనిషి నవ్వు.

"ఆలివ్ నూనె," అన్నాడు మేస్త్రీ ఊపిరి పీల్చుకుని. "నేను హెడ్డు దింపేవాణ్ణి పాపదియా. దేవుడి దయవల్ల మీరు వంట చేస్తారు."

"పగులు లేనట్టేగా?"

"ఆలివ్ నూనెకి పగులు అక్కర్లేదు, చెయ్యి కావాలి. ఎవరో పోస్తున్నారు. మీ మీద ఎవరికైనా కోపమా?"

"పాపా ప్రసంగాలు విన్నవాళ్ళు చాలామందే ఉన్నారు."

"కోపమైతే పంచదార పోస్తారు, ఇసక పోస్తారు. ఇంత మంచి నూనె పోయరు," అన్నాడు మేస్త్రీ ఆలోచిస్తూ. "కారు మొదటిసారి ఎప్పుడు దగ్గుతుందో గుర్తు తెచ్చుకోండి. ఎక్కడ ఆపాక దగ్గుతుందో."

ఫోను పెట్టి గుర్తు తెచ్చుకుంది. పెద్దగా కష్టపడక్కర్లేకపోయింది. ప్యాకింగు మార్చినప్పట్నించీ దగ్గు మొదలయ్యేది ఎప్పుడూ పెట్రోవ్రిసి నుంచి దిగేటప్పుడే. దారిది తప్పనుకుంటూ వచ్చింది ఇన్నాళ్ళూ.

"ఇక ఆదివారం చెప్పే మాట చెప్పక్కర్లేదుగా," అంది భర్తతో.

"నూనె ఏదైతేనేం, కారు దగ్గుతోందా లేదా? ఎవరు పోస్తున్నారో, ఎందుకు పోస్తున్నారో తెలిసి ఆగితే చూద్దాం. తెలీకపోతే చెప్పే తీరాలి. మొన్న ఆ చివరి మలుపులో ఆగిపోయినప్పుడు నేను ఏ కీర్తన చదివానో నాకే తెలీదు."

ఆదివారం పొద్దున కారు ఒక్క దగ్గూ దగ్గకుండా పెట్రోవ్రిసి ఎక్కింది. మేస్త్రీ తుడిచాక కొత్త చుక్క పడలేదు. గుడి వెనక వాల్‌నట్ చెట్టు నీడలో బండి ఆపి, పాపా లోపలికి వెళ్ళాక, పోలిక్సేని బానెట్టు ఎత్తి ప్లగ్గు గుంటలన్నిటిలోకీ తొంగి చూసింది. పొడి. మూత వేసి, పాటల బల్ల దగ్గరికి పోయి నిలబడింది. పైకప్పు ఎప్పట్లాగే కాస్త జరిగింది.

సువార్త చదవడం అయింది. పాపా-అర్గిరిస్ ప్రసంగానికి ముందుకొచ్చాడు. మామూలుగా ఆ సమయంలో పోలిక్సేని జనానికి వీపు పెట్టి, తర్వాతి పాటకి పేజీలు వెతుక్కుంటూ ఉంటుంది. ఈసారి వెనక్కి తిరిగి చూసింది.

పాపా నోరు తెరిచాడు. ఆయన మొదటి మాట బయటికి రాకముందే వెనక వరసలో దియమాంతవ్వ లేచింది. పక్కామె లేచింది. ఫోతిస్ మావయ్య టోపీ చేత పట్టుకుని లేచాడు. చీమల బారులాగా, చప్పుడు కాకుండా, గుడి దాదాపు మొత్తం పక్కతలుపులోంచి బయటికి కారిపోయింది. మిగిలిన ముగ్గురిలో ఒకాయన చెవిటివాడు, ఇద్దరు నిద్రపోతున్నారు. పాపా మొహం చూస్తే ఇది ఆయనకి కొత్త కాదని తెలిసిపోతోంది. ముసలివాళ్ళు, మోకాళ్ళ నొప్పులు, కాళ్ళు చాపుకోవడానికి పోతున్నారని ఇంట్లో ఆయన తనకి తాను చెప్పుకోవడం ఆమె చాలాసార్లు విన్నది.

పోలిక్సేని పుస్తకం మూసి వాళ్ళ వెనకే వెళ్ళింది.

బానెట్టు తెరిచి ఉంది. ఫోతిస్ మావయ్య ముప్పై ఏళ్ళు కొండదారిలో బస్సు నడిపి రిటైరైన మనిషి. నడుందాకా లోపలికి దూరి ప్లగ్గు తీగ ఒకటి చేత్తో పట్టుకుని ఉన్నాడు. దియమాంతవ్వ కాఫీ కాచుకునే చిన్న ఇత్తడి గిన్నె వంచి పోస్తోంది. చుట్టూ ఆడవాళ్ళు వెలిగించిన కొవ్వొత్తులతో నిలబడ్డారు.

"మూడోదానికి తక్కువ పోశావు," అంది ఒకామె.

"మూడోది పోయినసారి రెండొంతులు తాగింది."

"దగ్గేది నాలుగోదే, రాసిస్తాను. మా ఆయనకి కూడా ఎడమవైపే."

"మీ ఆయనకి సిగరెట్లు. కారు సిగరెట్లు తాగదు."

"మెల్లిగా పొయ్యండి తల్లుల్లారా," అన్నాడు ఫోతిస్ మావయ్య లోపల్నించి. "నా చొక్కాకి ఏ జబ్బూ లేదు."

"అందరూ కులాసాయేనా?" అంది పోలిక్సేని.

ఫోతిస్ మావయ్య తల బానెట్టుకి కొట్టుకుంది. కొవ్వొత్తులు అటూ ఇటూ కదిలాయి. దియమాంతవ్వ మాత్రం గిన్నె దించలేదు. పోయాల్సింది పోసి, గిన్నె అంచు వేలితో తుడిచి, ఆ వేలిని రేడియేటరుకి సిలువలా రాసి, అప్పుడు తిరిగింది.

"నువ్వు పాడాల్సింది వదిలేసి ఇక్కడికెందుకొచ్చావమ్మాయ్?"

"ప్రసంగం నడుస్తోందవ్వా. నాకిప్పుడు పని లేదు. మీకే బోలెడు పనున్నట్టుంది."

అవ్వ ఇక దాచి లాభం లేదనుకుంది. "చలికాలంలో మీ కారు పైదాకా వస్తూ వస్తూ దగ్గింది చూడూ. ఊరంతా విన్నాం. ఈ కారు పోతే పాపా రాడు. పాపా రాకపోతే మనం ఆదివారాలు మేకల్ని చూస్తూ కూచోవాలి. రోగమొస్తే మనిషికేం చేస్తాం? తైలం పెట్టి ప్రార్థన చేస్తాం. అదే చేశాం. నుదుటికి రాద్దామంటే దీనికి నుదురెక్కడుందో తెలీలేదు. ఫోతిస్‌ని అడిగాను, దీని ప్రాణం ఎక్కడుంటుందిరా అని. ఆ నాలుగు గుంటల్లో అన్నాడు."

"అడిగారు, చెప్పాను," అన్నాడు ఫోతిస్ మావయ్య తల రుద్దుకుంటూ. "పొయ్యమని చెప్పలేదు."

"పొయ్యొద్దని కూడా చెప్పలేదు. తీగ నువ్వే పీకావు."

"మీరు పీకితే తెగేవి."

"అంతా మా అమ్మవారి దీపంలో నూనేనమ్మా," అంది ఇంకొకామె, నాణ్యత గురించే ఫిర్యాదేమో అనుకుని. "కొట్లో కొన్నది ఒక్క చుక్క కూడా పొయ్యలేదు."

"పనిచేసింది కూడానూ," అంది దియమాంతవ్వ. "మొదటిసారి పోశాం, ఈస్టరుకల్లా కారు గుర్రంలా వచ్చింది. అవునా కాదా?"

పోలిక్సేని నోరు తెరిచింది. అదే వారం మేస్త్రీ కొత్త ప్యాకింగు వేశాడు. అది పక్కన పెట్టి ఇంకో దారి పట్టింది.

"తర్వాత మళ్ళీ దగ్గింది కదవ్వా?"

"అందుకే ఎక్కువ పోశాం."

"ఇంకా ఎక్కువ దగ్గింది కదా?"

"అందుకే ఇవాళ పెద్దగిన్నె తెచ్చాను."

పోలిక్సేనికి నవ్వొచ్చింది. ఆపుకుందామని చూసింది. ఆపుకున్న నవ్వు భుజాల్లోంచి బయటపడింది. ఫోతిస్ మావయ్యకి అంటుకుంది, ఆయన్నుంచి ఆడవాళ్ళకి పాకింది. ఎందుకు నవ్వుతున్నామో సగం మందికి తెలీదు. దియమాంతవ్వ ఒక్కతే నవ్వకుండా, ఖాళీ గిన్నెని పొట్టకి ఆనించుకుని, వాళ్ళకేమైందా అన్నట్టు చూస్తోంది.

సరిగ్గా అప్పుడే పక్కతలుపులోంచి పాపా-అర్గిరిస్ పూజ దుస్తుల్లోనే బయటికొచ్చాడు. ఇద్దరు నిద్రపోయేవాళ్ళకీ ఒక చెవిటాయనకీ క్షమాగుణం గురించి ఎంతసేపని చెబుతాడు? తెరిచిన బానెట్టు, వెలుగుతున్న కొవ్వొత్తులు, నూనె గిన్నె, వంగి నవ్వుతున్న భార్య. అన్నిటినీ వరసగా చూశాడు.

"మీరు," అని ఆగాడు. "కారుకి తైలాభిషేకం చేస్తున్నారా?"

ఆడవాళ్ళు కొవ్వొత్తులు కిందికి దించారు.

"ఆ సంస్కారం మనుషులకి. అదీ గురువే చెయ్యాలి."

"మీరెట్లాగూ చెయ్యరని మేమే చేశాం," అంది దియమాంతవ్వ. "పోయినేడు మా ఊరి లాంబిస్ వాళ్ళ గాడిద మీద మీరు పవిత్రజలం చల్లలేదూ?"

"గాడిద దేవుడి సృష్టి."

"ఇది మిమ్మల్ని మోస్తోంది, అదేమో ఉల్లిపాయల్ని మోసేది. ఏది గొప్ప?"

పాపా గడ్డం నిమురుకోబోయి సగంలో మానేశాడు. ఇంకో సంగతేదో ఆయనకి అప్పుడే తట్టింది. దాంతో మొహం మెల్లిగా వెలిగింది.

"అంటే ఇన్నాళ్ళూ నా ప్రసంగం మొదలవగానే మీరు లేచిపోయింది కారు కోసమా? ప్రసంగం నచ్చక కాదన్నమాట."

దియమాంతవ్వ పూజ మధ్యలో అబద్ధం చెప్పే మనిషి కాదు.

"అదీ ఉంది," అంది.

ఆయన నవ్వాడు. ఆయన నవ్వితే గడ్డం మొత్తం కదులుతుంది. నవ్వాడంటే ఆయన నిర్ణయం ఇంకా మార్చుకోగలడని అర్థం.

"మావయ్యా, తీగలన్నీ పీకు," అంది కొంగు దోపుకున్నంత పని చేసి, చేతులు పైకి మడుచుకుంటూ. "అవ్వా, నీ తలగుడ్డ ఇలా ఇవ్వు."

"ఇది కొత్తది."

"కారు బతకాలా, తలగుడ్డ బతకాలా?"

అవ్వ ఇచ్చింది. మిగతావాళ్ళు దూదీ, చేతిరుమాళ్ళూ ఇచ్చారు. ఒకామె మేజోడు విప్పబోతే వద్దన్నారు. గుంటల్లో గుడ్డ దూర్చి, తిప్పి, తీసి, మళ్ళీ దూర్చి, అడుగున ఒక్క తడిమచ్చ లేకుండా తుడిచారు. ఆ తుడవడంలో పాపదియా చెప్పింది, అందరికీ వినపడేట్టు: ఈ గుంటల్లో పడాల్సింది రవ్వ. నూనె పడితే రవ్వ మునిగిపోతుంది. నూనె పోసే చోటు వేరే ఉంది, దాని మూత మీద బొమ్మ కూడా ఉంటుంది, అందులోనైనా దీపం నూనె పనికిరాదు. ఈ కారుని ప్రేమించేవాళ్ళు దాన్ని పొడిగా ఉంచాలి.

"పిల్లి లాగా," అంది ఒకామె.

"అచ్చం పిల్లి లాగా."

ఫోతిస్ మావయ్య తీగలు బిగించాడు. పోలిక్సేని ఎక్కి తాళం తిప్పింది. ఇంజను ఒక్కసారి గొంతు సవరించుకుని, దగ్గకుండా, వణక్కుండా, చల్లటి నీడలో హాయిగా తిరగడం మొదలెట్టింది. ముసలమ్మలు కొవ్వొత్తులు పట్టుకునే సిలువ వేసుకున్నారు. ఫోతిస్ మావయ్య చెవి పక్కన చెయ్యి పెట్టుకుని, పాత బస్సుని గుర్తుకు తెచ్చుకున్నట్టు కళ్ళు మూసుకుని విన్నాడు.

"దిగేటప్పుడు కూడా ఇలాగే ఉంటుందా?" అన్నాడు పాపా కిటికీ దగ్గరికొచ్చి, మెల్లిగా.

"దిగేటప్పుడే కాదు, రెండు వారాల తర్వాత ఎక్కేటప్పుడు కూడా. మేస్త్రీని అడగండి, నన్ను నమ్మకపోతే."

"నిన్ను నమ్మకుండా నేనెప్పుడు బతికాను?" అన్నాడాయన. "కళ్ళు మూసుకునే కదా నీ పక్కన కూర్చుంటాను."

అప్పుడు ఎవరికో గుర్తొచ్చింది పూజ సగంలో ఉందని. అందరూ హడావిడిగా లోపలికి పోయారు. చెవిటాయన కూర్చున్న చోటే కూర్చుని, ప్రసంగం అయిందనుకుని, తృప్తిగా తల ఊపుతున్నాడు. పాపా-అర్గిరిస్ మిగిలిన ప్రసంగం చెబుదామా అని ఒక్క క్షణం చూశాడు. దియమాంతవ్వ కళ్ళు చూశాక చెప్పలేదు. పోలిక్సేని బల్ల దగ్గర నిలబడి గొంతెత్తింది. ఆ రోజు ఆమె మామూలు శ్రుతి కన్నా ఒక మెట్టు పైన మొదలెట్టింది, అది తప్పని తెలిసే, దిగలేదు. పేజీలు తిప్పిన చోటల్లా నూనె వేలిముద్రలు పడ్డాయి.

పూజ ముగిసే ముందు ప్రకటనలు చెప్పే సమయం వచ్చింది. పాపా ముందుకొచ్చాడు. ఈసారి ఎవరూ లేవలేదు. అందరి కళ్ళూ ఆయన మీదే ఉన్నాయి. ఇంటి దగ్గర రెండుసార్లు చదువుకుని వచ్చిన మాటలు నాలుక చివర ఉన్నాయని పోలిక్సేనికి ఒక్కదానికే తెలుసు. ఆవిడ ఊపిరి బిగబట్టింది.

"రెండు వారాల తర్వాతి ఆదివారం," అన్నాడు పాపా-అర్గిరిస్, "మామూలుగానే, ఎనిమిదింటికి పూజ."

ముసలమ్మలు ఇందులో విశేషమేముందన్నట్టు చూశారు. మామూలుగా జరిగేది మామూలుగా జరుగుతుందని చెప్పడానికి ఒక ప్రకటన ఎందుకో వాళ్ళకి అర్థం కాలేదు. పాటల బల్ల దగ్గర మాత్రం పాపదియా బిగబట్టిన ఊపిరంతా వదిలి, చివరి పాటని గుడి బయట మేకలు కూడా తలెత్తేంత గట్టిగా అందుకుంది.